నోల్కిషు పాలబుర్ర

పోయిన వారం నేను కథ ఆపేసరికి నోల్కిషు వదిన షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది, శాలువా కింద ఏదో దాచుకొని. ఆమెను వారమంతా ఎండలో నిలబెట్టినందుకు మా ఇంట్లోవాళ్ళే నన్ను తిట్టారు. మరిచిపోయినవాళ్ళకు రెండు ముక్కలు గుర్తుచేసి, వెంటనే లోపలికి పిలుస్తాను.

మా ఊరు కేజు నరోక్. పొడి ఏటికి ఇటు మేము, అటు కంచె వెనక తెల్లవాళ్ళ సైన్యం. వాళ్ళు యుద్ధం నేర్చుకోవడానికి మా మేతభూమికి వస్తారు. ఎవరితో యుద్ధమో ఇప్పటిదాకా మాతో చెప్పలేదు. నా మనవరాలు నమాయానా నైరోబీలో మ్యూజియం పని చదువుకొని వచ్చి, కరువు మొక్కజొన్న బస్తాలు నిలవచేసిన రేకుల షెడ్డును కడిగించింది. ఆ కంచె పక్కన మేం ఎలా బతికామో అందులో నలుగురికీ చూపిస్తానంది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు గోడ మీద రాస్తానన్నప్పుడు ఊరంతా ఆమె మీద విరుచుకుపడింది. పోయినవాళ్ళ పేర్లు మేం పైకి పలకం మరి. చివరకు పేరుకొక ఖాళీ తోలుపట్టీ వేలాడదీసింది.

రెండో గొడవ ఇనుము గురించి. జనం ఇచ్చిన ఇనుప వస్తువులన్నీ ముందుగా తమకు పంపితే తనిఖీ చేసి ఇస్తామని కంచె అవతలి మేజరు కబురు పెట్టాడు. మేం ఒప్పుకోలేదు. తనిఖీకని వాళ్ళు పట్టుకెళ్ళిన వస్తువు మళ్ళీ ఊరి మొహం చూసింది లేదు. మేజరు ఊరి సభకు వచ్చి, ఎర్రటి చెవులు ఇంకాస్త ఎర్రబడేలా నవ్వి, "మీ ఇష్టం. ఎలాగూ మీ నేల మీద పేలేదంటూ ఏదీ మిగల్లేదు, అంతా శుభ్రం చేశాం" అన్నాడు. ప్రారంభం రోజున అదే మాట అందరి ముందూ చెబుతానన్నాడు. ఆ సభలో నోల్కిషు కూడా ఉంది. ఈ సంగతి మాత్రం మరిచిపోకండి.

ఇవాళ ఆ ప్రారంభం. మధ్యాహ్నానికి మేజరు వస్తాడు. పొద్దున్నించి నేను షెడ్డు మధ్యలో మూడుకాళ్ళ పీట మీద కూర్చొని ఉన్నాను.

ఎందుకు కూర్చున్నానంటే, మా దగ్గర పెద్దవాడి ఒళ్ళో పెట్టి దీవించని వస్తువు కొత్త ఇంట్లో నిలవదు. నమాయానా ప్రతి వస్తువు పక్కనా 'ముట్టుకోరాదు' అని అట్టముక్కలు పెట్టింది. మా జనం ఆ అట్టముక్కలనే ముందు ముట్టుకొని చూశారు, ఎంత నునుపుగా ఉన్నాయో అని. తర్వాత ఒక్కొక్క వస్తువునూ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నేను దాని మీద తుంపర పడీ పడనట్టు ఉమ్మి నాలుగు మంచి మాటలంటాను. చుట్టూ ఉన్నవాళ్ళు దేవుడి పేరు తలచి "న్కాయ్! న్కాయ్!" అంటారు. ఆ తర్వాతే అది బల్ల ఎక్కుతుంది.

అలా బడిగంట ఒళ్ళోకి వచ్చింది. అదొక గుండు తొడుగు, మూతి దగ్గర పువ్వులా విచ్చుకుపోయింది. ఇరవై ఊళ్ళకు వినబడుతుందని నేనంటాను, రెండు ఊళ్ళకని నమాయానా అంటుంది. మందుగుండు పెట్టెతో చేసిన కోళ్ళ తొట్టి వచ్చింది. సైనికులు విమానంలోంచి దూకే గొడుగు గుడ్డ, చెట్టుకు చిక్కుకున్నది, వచ్చింది, ఊళ్ళో సగం పసిపిల్లలు అందులోనే చుట్టుకొని పెరిగారు. ఖాళీ తూటాలు గుచ్చిన పెళ్ళికూతురి దండ వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే చల్లగా, సన్నగా గలగలలాడింది.

"తాతా, దీవెన చాలు. ప్రతిదానికీ ఒక కథ కట్టకు," అంది నమాయానా గోడకు పటం సరిచేస్తూ.

"నేనేం కట్టానే?"

"కోళ్ళ తొట్టిని దీవిస్తూ, ఈ తొట్టిలో తిన్న కోడి కవాతు చేస్తుందన్నావు. రేపు వచ్చినవాళ్ళు నన్నడుగుతారు."

"చేస్తుంది మరి. మా పుంజు ఎడమకాలు ముందు పెడుతుంది. నువ్వు ఎప్పుడన్నా చూశావా?"

"నీ నిప్పుకోడి కథ మాత్రం గోడకెక్కించనని ముందే చెప్పా. ఇది మ్యూజియం. నీ టీకొట్టు కాదు."

ఆ కథ మీకింకా చెప్పలేదు కదూ. ఏటికి అటువైపు ఒక నిప్పుకోడి ఉండేది. సైనికులు పేల్చిన గుండ్లు రెండు పేలకుండా దాని గూట్లో పడ్డాయి. గుడ్లనుకొని వాటి మీద కూర్చుంది పాపం. ఒక కరువూ ఒక వానాకాలమూ పొదిగింది. చివరకు ఒక గుడ్డు పగిలి, బుల్లి హెలికాప్టరు ఒకటి బయటికి వచ్చి తల్లి వెంట పరుగులు తీసింది. దాని రెక్కల గాలికి మా మేకలు రెండు మీటర్లు ఎగిరాయి.

"పొదిగిన గుడ్లు రెండే," అన్నాను. "ఒకటి ఎగిరిపోయింది. రెండోది నా దగ్గరుంది."

"బడి పిల్లలందరికీ అదే చెప్పావట. ప్రదర్శన రోజున ఆ గుడ్డు చూపిస్తానని మాటిచ్చావట. వాళ్ళు వచ్చి గుడ్డేది తాతా అంటే ఏం చూపిస్తావు?"

"నా గుండు చూపిస్తా," అని తల తడుముకున్నాను. అందరూ నవ్వారు.

ఆ నవ్వులోనే నోల్కిషు గడప దాటి లోపలికి వచ్చింది.

నోల్కిషు మొగుడు నాకంటే ఓ వానాకాలం పెద్ద. అందుకే ఆమె నాకు వదిన. మొగుడు పోయిన తర్వాత ఒక్కగానొక్క కొడుకే ఆమె లోకం. వాడు కొత్తగా పెళ్ళి చేసుకొని, దూడలను తోలుకొని ఏటి అవతలికి వెళ్ళేవాడు. ఒకరోజు పొద్దున్నే ఏదో చేత్తో పట్టుకున్నాడు. ఆ తర్వాత మిగిలింది తోలుపట్టీ మీద రాయని పేరు. వాడు పోయేనాటికి కోడలు కడుపుతో ఉంది. ఆ పిల్లే నసియేకు. ఇప్పుడు బడికి వెళుతుంది, ఊరందరికంటే గట్టిగా నవ్వుతుంది.

ఈ ప్రదర్శనకు ఊరంతా ఏదో ఒకటి ఇచ్చింది. "నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. మీ దగ్గర తీసుకోవడానికీ ఏమీ లేదు" అన్న మనిషి నోల్కిషు ఒక్కతే.

"ఏం వదినా, ఇన్నాళ్ళకు నీ కాళ్ళకు దారి దొరికిందా?" అన్నాను.

"నీ నోటికి మూత దొరికిన రోజున వద్దామనుకున్నా మరిదీ. అది దొరికేలా లేదని వచ్చేశా."

శాలువా తీసింది. ఒక పాలబుర్ర, మేం పాలు పోసుకునే ఎండు సొరకాయ బుర్ర. ఎంత అందంగా ఉందంటే ఆడవాళ్ళంతా ఒక్కసారి నోళ్ళు తెరిచారు. మెత్తని మేకతోలు తొడుగు, అంచున గవ్వలు, నడుముకు ఎరుపూ నీలమూ పూసల పట్టీలు, మోయడానికి తోలుతాడు. ఏళ్ళనాటి ఆ తోలు మీద కొవ్వు రుద్దీ రుద్దీ అద్దంలా మెరుస్తోంది.

"నా పెద్దాడిది," అంది. వాడొక్కడే అయినా ఆమె ఎప్పుడూ పెద్దాడనే అంటుంది. "ఇంటికి తెచ్చిన ఆఖరి వస్తువు. దీవించు."

రెండు చేతులా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

పాలబుర్ర బరువు నాకు తెలుసు. పుట్టినప్పటినుంచీ మోస్తున్నాను. ఖాళీ బుర్ర ఒళ్ళో పెడితే పిట్ట వాలినట్టు ఉంటుంది, పాలున్న బుర్ర పసిపిల్లలా ఉంటుంది. ఇది నా తొడలను పీటకేసి అదిమింది. ఉమ్మడానికి నోరు తెరిచాను, నోట్లో తడి లేదు.

తోలు కింద చలువ. బొటనవేలితో పూసల పట్టీ కింద మెల్లగా తడిమాను. అడుగున ఏదో విరిగిపోయిన మొండి తగిలింది, తోక తెగిన తొండ మొండిలా. పైన మూత ఉండాల్సిన చోట మూత లేదు, సన్నగా, నున్నగా, గట్టిగా బిగిసిన మూతి. ఇందాక నా ఒళ్ళో కూర్చున్న బడిగంట మూతి పువ్వులా విచ్చుకుంది. పేలిన ప్రతి గుండుకూ ఎక్కడో ఒకచోట నోరుంటుంది. దీనికి నోరు పుట్టలేదు.

కొంచెం పక్కకు జరుపుదామని ఎత్తబోయాను. లోపల ఏదో కదిలింది. చిలికిన మజ్జిగలో వెన్నముద్ద మెల్లగా దొర్లినట్టు.

నేను సింహాన్ని చూసి భయపడ్డవాణ్ణే. ఎంత పెద్ద సింహమో చెబితే నమాయానా మళ్ళీ తిడుతుంది. సింహం భయం కాళ్ళలోకి దిగుతుంది. పరుగెత్తడానికి పనికొస్తుంది. ఈ భయం ఒళ్ళోకెక్కి కూర్చుంది. లేవనివ్వదు, కదలనివ్వదు, దగ్గనివ్వదు. సరిగ్గా అప్పుడే నాకు దగ్గు వచ్చింది. దాన్ని మింగేశాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

"చూడండే, తాత ఏడుస్తున్నాడు," అంది ఎవరో. "ఎంత మంచి మనసో."

గుమ్మం దగ్గర పాట మొదలైంది. ఆడవాళ్ళ సంఘం వాళ్ళు వరుసగా వస్తున్నారు. ముందు నడిచే ఆమె చేతిలో పెంకు, పెంకులో అడవి ఆలివ్ కర్ర నిప్పు కణికలు. ఎర్రగా, పొగ లేకుండా.

ఇది కూడా మీకు చెప్పాలి. మా ఇళ్ళల్లో పాలబుర్రను నీళ్ళతో కడగరు. ఆలివ్ కర్ర కణికలు లోపల వేసి, మూత పెట్టి ఊపుతారు. పాలకు ఆ పొగవాసన లేకపోతే అవి పాలే కావు. కొత్త ఇంటికి వచ్చిన ఏ బుర్రకైనా మొదట ఆ స్నానం చేయించాలి. మూత రాని బుర్రయితే కణికల మీద పెట్టి పొగ పట్టిస్తారు.

"మూత తియ్యి తాతా," అంది కణికలు పట్టుకున్నామె. "ఊ, తియ్యి, చల్లారిపోతాయి."

"మూత రాదు," అంది నోల్కిషు. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"అయితే పెంకు మీదే పెడదాం. ఇటివ్వు."

చెయ్యి చాపింది. పెంకులోంచి ఒక రవ్వ ఎగిరి నా మోకాలి మీద పడింది. నేను కదల్లేదు. అది కాలి చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను.

అరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ షెడ్డుకు ఒకటే గుమ్మం. లోపల సగం ఊరుంది. అరుపు విన్న జనం గుమ్మం మీద పడతారు, తోపులాటలో ఎవరో ఒకరు నా మీద పడతారు. పైగా నేను చెప్పినా నమ్మేదెవరు? ఈ నోటితోనే కదా హెలికాప్టర్లను పొదిగించాను.

"ఆగండి," అన్నాను మెల్లగా. "ఇది పోయినవాడి బుర్ర. దీన్ని కప్పు కింద దీవించకూడదు. మీరంతా బయటికెళ్ళి, కొండవైపు తిరిగి నిలబడండి. ఊరి ముళ్ళకంచె దాటి నిలబడాలి. నేను పిలిచేదాకా ఎవరూ ఇటు తిరగకూడదు. కణికలు కూడా అక్కడే."

అలాంటి ఆచారం మాకు లేదు. అప్పుడే పుట్టింది. కానీ పెద్దవాడు మెల్లగా మాట్లాడితే మా వాళ్ళకు భయం. నేను పుట్టిన తర్వాత అంత మెల్లగా మాట్లాడటం అదే మొదలు. పాట ఆపేసి ఒక్కొక్కరే బయటికి నడిచారు.

నమాయానా మాత్రం నా ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తాతా, మళ్ళీ మొదలెట్టావా? ఏ ఊళ్ళో ఉందీ ఆచారం?"

ఆమె మొహంలోకి చూశాను. ఆమె నా చేతుల్ని చూసింది, వేళ్ళు బుర్ర చుట్టూ ఎలా బిగుసుకున్నాయో. నా నుదుటి మీద చెమట చూసింది. బల్ల మీది బడిగంట వంక చూసింది. మళ్ళీ నా ఒళ్ళోకి చూసింది. చదువుకున్న పిల్ల. నా మనవరాలు.

"తాతా," అంది. గొంతు లేదు, పెదాలు మాత్రమే కదిలాయి.

"నువ్వు దారి మీదికెళ్ళు. మేజరు బండి వస్తే మలుపు దగ్గరే ఆపు. ఎవరినీ ఇటు రానివ్వకు."

"నిన్నొదిలి నేనెక్కడికీ..."

"వెళ్ళవే. నేను ఒళ్ళు జలదరించి కదిలేలోపు వెళ్ళు."

వెళ్ళింది. గుమ్మం దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. గుమ్మం దాటిన తర్వాత ఆమె పరుగు నాకు వినబడింది.

షెడ్డులో మిగిలింది మేమిద్దరమే. పైన రేకులు ఎండకు టపటపమంటున్నాయి. ప్రతి టపకూ నా ప్రాణం ఎగిరి మళ్ళీ కూర్చుంటోంది.

"వదినా, నువ్వూ వెళ్ళు."

"ఎందుకు?"

"ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఇది బుర్ర కాదు. దీనికింకా ప్రాణముంది."

నోల్కిషు శాలువా సర్దుకొని, నా ఎదురుగా నేల మీద కాళ్ళు చాపి కూర్చుంది, పిండి విసరడానికి కూర్చున్నట్టు.

"తెలుసు," అంది.

నా చెవులు సరిగ్గా విన్నాయో లేదో అనుకున్నాను.

"వాడు రెండు తెచ్చాడు మరిదీ. దూడల మేత దగ్గర దొరికాయని. ఒకటి ఇంట్లో పెట్టి, రెండోదాన్ని సైన్యంవాళ్ళకిచ్చి వస్తానని పట్టుకెళ్ళాడు. గేటు దాకా కూడా వెళ్ళలేదు. తర్వాత విచారణకని వచ్చిన సైన్యంవాళ్ళు ఏమన్నారో నీకు గుర్తుందా?"

గుర్తుంది. అలాంటి గుండు తాము వాడమనీ, కుర్రాడు ఇంకెక్కడినుంచో తెచ్చుకొని ఉంటాడనీ అన్నారు. వాళ్ళు మంచి చొక్కాలు వేసుకొని, చాలా మర్యాదగా అన్నారు.

"ఆ తోలు కింద వాళ్ళ అచ్చులున్నాయి. వాళ్ళ బళ్ళ మీదుండే అచ్చులే. నాకు చదవడం రాకపోయినా బొమ్మ పోల్చుకోవడం వచ్చు. ఇస్తే పట్టుకుపోతారు. పోతే నా కొడుకు ఎక్కడినుంచో తెచ్చుకొని చచ్చినవాడే అవుతాడు. అందుకని దాచా. తల దగ్గర పెట్టుకొని పడుకున్నా. వానపడితే పిడుగుకు పేలుతుందేమోనని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నా. పిల్ల పుట్టినప్పుడు దాన్ని ఇంట్లోంచి తీసి మేకలపాకలో పెట్టా, మేకలకు భయపడి మళ్ళీ ఇంట్లోకి తెచ్చా. భయం ఎక్కువైన రోజు ఒక పూస కుట్టేదాన్ని. చూడు ఎన్ని పూసలున్నాయో."

చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

"మరి ఇవాళెందుకు తెచ్చావు?"

"నీ మనవరాలు మంచిపిల్ల. పటాలు పెట్టింది, తొట్లు పెట్టింది, గంట పెట్టింది. వచ్చినవాళ్ళు చూసి, అయ్యో పాపం అని, టీ తాగి వెళ్ళిపోతారు. కంచె పక్కన బతకడమంటే తొట్టీ గంటా కాదుగా. నువ్విప్పుడు కూర్చున్నావే, అదీ. ఆ మేజరు వచ్చి, పేలేదేదీ మిగల్లేదని అందరి ముందూ అంటాడుగా? అనేముందు దీన్ని ఒళ్ళో పెడతా. చుట్టానికి బుర్ర ఇస్తే రెండు చేతులా అందుకోవాలని ఎవరో నేర్పారు వాడికి. అందుకుంటాడు. అప్పుడు చెబుతా, అది ఏమిటో. చెప్పిన తర్వాత ఆ మాట మళ్ళీ అనమంటా. అంతే. నాకింకేమీ వద్దు."

"పేలితే?"

"ఇన్నేళ్ళూ నా ఒళ్ళో పేల్లేదు."

"ఆడవాళ్ళు కణికలు పట్టుకొస్తారని నీకు తెలీదా వదినా?"

మొదటిసారి ఆమె మొహం మారింది. బుర్ర అన్నాక కణికలు వస్తాయి. పుట్టినప్పటినుంచీ చేసిన పనే. కానీ దాన్ని అన్నేళ్ళూ గుండుగా దాచి, బుర్రగా మాత్రమే చూపించిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. ఆమె తన చేతులను చూసుకుంది.

"లేదు," అంది చిన్నగా. "అది నాకు తోచలేదు. ఆమె చెయ్యి చాపినప్పుడు నాకు మాట రాలేదు."

"నువ్వు మేజరుకు పెట్టాలనుకున్నది ఊరికి పెట్టావు."

ఆ మాట అన్నందుకు నేను బాధపడ్డాను, కానీ అన్నాను. ఆమె శాలువా కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడేం చేద్దామంటావు?"

బుర్ర కదలకుండా మడమలను నేలకేసి నొక్కాను. "బయట నమాయానా పేర్చిన రాళ్ళగుట్ట ఉంది చూడు, పోయినవాళ్ళ కోసం పచ్చికొమ్మలు వేసే గుట్ట. దాని మీద పెడదాం. చుట్టూ ముళ్ళకంప వేద్దాం. ఊరంతా దూరంగా నిలబడి కాపలా కాస్తుంది. తోలు విప్పి అచ్చులు బయటపెడదాం, నమాయానా ఫొటోలు తీస్తుంది. మేజరు అక్కడికొచ్చి, అందరి ముందూ, కంప అవతల నిలబడి దాన్ని చూస్తూ ఆ మాట అనాలి. ఎవరి ఒళ్ళోకీ పోనక్కర్లేదు. ఎవరూ పట్టుకుపోలేరు, ఎందుకంటే ముట్టుకోవడానికి వాళ్ళకూ భయమే."

నోల్కిషు పెదవి కొద్దిగా వంగింది. అది నవ్వో కాదో చెప్పలేను.

"అబద్ధాలకోరువే గానీ, అప్పుడప్పుడు నీ బుర్ర పనిచేస్తుంది మరిదీ." లేచి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ నా చేతుల కిందికి పోనిచ్చింది. ఆ చేతులు వెచ్చగా, అస్సలు వణక్కుండా ఉన్నాయి. "కలిసి ఎత్తుదాం. నేను ఊ అంటే నువ్వు లే. దాన్ని నిద్రపోయే పిల్ల అనుకో. ఇన్నేళ్ళూ నేనలాగే అనుకున్నా."

నాకు ఊపిరాడింది. బుర్ర ఒళ్ళోకి వచ్చాక మొదటిసారి.

అప్పుడే బండి చప్పుడు వినబడింది.

దారివైపు నుంచి కాదు. ఏటివైపు నుంచి. నమాయానా మలుపు దగ్గర చేతులు చాపి నిలబడి ఉంటుంది, పాపం. కానీ ఆ బళ్ళు ఏనాడు దారిన వచ్చాయి? మా ఏట్లో ఇసుక ఎగజిమ్ముకుంటూ రావడమే వాళ్ళకు ఇష్టం. దాని మీద నేను ఎన్ని సభల్లో దెబ్బలాడానో! ఇవాళ, భయంతో, నేనే మరిచిపోయాను.

బండితో పాటు పాట కూడా వస్తోంది. చిన్న గొంతులు. చాలా గొంతులు.

"ఎవరు వాళ్ళు?" అంది నోల్కిషు.

బండి షెడ్డు వెనకే ఆగింది. జనమంతా అవతలివైపు, ముళ్ళకంచె దాటి, నేను చెప్పినట్టే కొండవైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఆపేవాళ్ళు ఎవరూ లేరు. ఎర్రచెవుల మేజరు గుమ్మంలో వంగి, తల లోపలికి పెట్టి, మా భాషలో "సూపా!" అని పలకరించాడు. మొహం నిండా నవ్వు. "చూడండి ఎవరిని తెచ్చానో! పాపం, బడి నుంచి నడిచి వస్తుంటే బండెక్కించా."

అతని చేతుల కిందనుంచీ, కాళ్ళ పక్కనుంచీ బడిపిల్లలు బిలబిలమంటూ లోపలికి దూరారు.

"ఆగండి! అక్కడే ఆగండి!" అని అరిచాను.

పిల్లలు కిలకిల నవ్వారు. నేను అరిచినప్పుడల్లా కథ మొదలవుతుందని వాళ్ళకు తెలుసు.

"తాత మొదలెట్టాడు రోయ్!" అంటూ ఇంకా దగ్గరికొచ్చారు. మేజరు కూడా నవ్వుతూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పిల్లలు దీవెనకు వరుస కట్టారు, మర్యాద నేర్చినవాళ్ళు కదా. మాలో పిల్లలు పెద్దవాడి ముందు తల వంచితే, ఆ తల మీద చెయ్యి పెట్టాలి. పెట్టేదాకా పిల్ల అక్కడినుంచి కదలదు. ఎండైనా, వానైనా, ఏనుగొచ్చినా.

అందరికంటే ముందు వచ్చి తల వంచింది నసియేకు.

నా చేతుల కింద నోల్కిషు చేతులు మొదటిసారి వణికాయి. పూసలు ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేశాయి.

"పో అమ్మా," అంది ఆమె. "పో బంగారూ, బయటికి పో."

"తాత ఇంకా చెయ్యి పెట్టలేదుగా నాయనమ్మా," అంది పిల్ల, తల ఎత్తకుండానే.

"పెట్టు," అంది నోల్కిషు నాతో. "నువ్వు ఒక చెయ్యి తియ్యి. బరువు నేను పట్టుకుంటా. తొందరగా పెట్టు, పంపించెయ్యి."

వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకొని నా కుడిచేతిని తీశాను. బరువంతా ఒక్కసారి కుడివైపుకు ఒరిగింది. ఆమె దాన్ని పట్టుకుంది. నా చెయ్యి పిల్ల తల మీద పెట్టాను. వెచ్చగా ఉంది ఆ తల, ఎండలో వచ్చిన గొర్రెపిల్లలా.

"వెళ్ళు," అన్నాను. "ఇక వెళ్ళు."

నసియేకు తల ఎత్తింది. వెళ్ళలేదు. ఆ కళ్ళు నా ఒళ్ళో మెరిసే పూసల మీద పడి పెద్దవయ్యాయి. ఆ తర్వాత, ఊరందరికంటే గట్టిగా నవ్వే ఆ పిల్ల, నవ్వకుండా, రహస్యం అడిగినట్టు అడిగింది.

"తాతా, ఇదేనా రెండో గుడ్డు?"

మేమిద్దరం మూడు చేతులతో ఆ బరువును పట్టుకొని ఉన్నాం. మిగిలిన నా ఒక్క చెయ్యి ఆ పిల్లను ఆపేలోగానే, ఆమె ముందుకు వంగి, చెంప ఆనించి, చెవి దాని మీద పెట్టేసింది.

షెడ్డులో అందరూ ఊపిరి బిగబట్టారు. పిల్లలేమో గుడ్డు కోసం. మేమిద్దరమేమో...

"ష్," అంది నసియేకు కళ్ళు మూసుకొని. "తాతా, పిల్ల మేలుకుంది. లోపలినుంచి పొడుస్తోంది."